పతకానికి తప్పు రిబ్బను

పొద్దున్న టీ తాగి, చేతులు సబ్బుతో కడుక్కుని, తెల్లటి నూలు తొడుగులు వేసుకుంటే తప్ప జనరల్ గారు ఆల్బం ముట్టుకోరు. జనరల్ అంటే నిజం జనరల్ అనుకునేరు. నలభై ఏళ్ళు యూనిఫాంలు కుట్టిన దర్జీ ఆయన, ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. ఎవరెవరి భుజాలకో పట్టీలు కుట్టీ కుట్టీ, తనకంటూ కొన్ని పోగెయ్యాలన్న పిచ్చి పట్టింది. పాత ఐరోపా సైన్యాల పతకాలు, బ్యాడ్జీలు, అక్కడి రాజకుటుంబాల పోస్టుకార్డులు. ఎవరి పిచ్చి వారికానందం అని భార్య బతికున్నన్నాళ్ళూ నవ్వి ఊరుకుంది.

కార్డుల్లోని మనుషులకు ఆయన పెట్టుకున్న పేర్లున్నాయి. మీసాల చక్రవర్తి, పక్కన ముత్యాల రాణి, ఆ తర్వాత పిల్లలు పుట్టిన వరసలో. ఏ పతకానికి ఏ రంగు రిబ్బనో, ఏ రాకుమారి ఎవరి కూతురో నిద్రలో లేపి అడిగినా చెబుతారని ఆయనకు గర్వం.

ఆ రోజు ఆల్బం ఉన్న బీరువా దగ్గరే ఆయన ఆగిపోయారు. ముందురోజు సాయంత్రం తనే రెండు పిడులకీ కలిపి దారం కట్టారు. ముడి ఇప్పుడూ ఉంది. కానీ అది ఆయన వేసిన ముడి కాదు. లోపల, తెల్ల శిలువ పతకం ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది.

రెండు నెలలుగా ఇదే వరస. ఈ పూట చూసిన కార్డు మర్నాటికి ఇంకో పేజీలో ఉంటుంది. కార్డుల కింది పేర్ల చీటీలు మారిపోతాయి. ఇంట్లో ఉండేది ముగ్గురు. కొడుకు కరెంటు పనివాడు, నిచ్చెన భుజాన వేసుకుని వెళితే సాయంత్రానికి గానీ రాడు, వాడికి రాజుకీ రౌతుకీ తేడా తెలియదు. మిగిలింది మందుల షాపులో పనిచేసే కోడలు. ఆయన గదిలోకి అడుగు పెడితే చటుక్కున సొరుగు మూసేస్తుంది. మొన్న ఫోనులో ఎవరితోనో, "ఆయనకి తెలియకూడదండీ" అని గొంతు తగ్గించి చెబుతుంటే తన చెవులతో విన్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది, తననెవరూ చూడటం లేదనుకుంటోంది అనుకున్నారాయన.

కొడుకుని పనికి వెళ్ళకుండా ఆపారు. వీధి తలుపు గడియ పెట్టి దానికి అడ్డంగా నిలబడ్డారు. కోడలి సంచి బోర్లించమన్నారు. కొడుకు నివ్వెరపోయి, ఏం మాటలు నాన్నా అవి అంటూ ముందుకొచ్చాడు. కోడలు అతన్ని చేత్తో వారించి, తనే సంచి తెరిచింది. అన్నం డబ్బా పక్కనుంచి దూదిలో చుట్టిన తెల్ల శిలువ బయటికొచ్చింది. దాంతో పాటు ఒక నోటుపుస్తకం.

"ఇంట్లో దొంగని పెట్టుకుని వీధికి తాళం వేసుకున్నాను," అన్నారాయన. కొడుకు ముఖం పాలిపోయింది. భార్య వైపు చూశాడు.

ఆమె మాత్రం తల దించుకోలేదు. "మామయ్యగారూ, ఆ రిబ్బను కుట్టు ఒక్కసారి చూడండి. తర్వాత మీరేమన్నా పడతాను."

ఆయన విసురుగా భూతద్దం తీశారు. ఆ శిలువకి నల్ల అంచున్న ఎర్ర రిబ్బను ఉండాలి. ఇప్పుడున్నది నీలం, ఓడల సైన్యానిది. రిబ్బను కూడా మార్చేశావా అని అరవబోయి ఆగిపోయారు. సన్నటి వెనక కుట్లు. చివర్న ఎడమకి తిప్పి రెండుసార్లు బిగింపు. తనలాంటి ఎడమచేతి వాటం మనిషి మాత్రమే వెయ్యగల కుట్టు అది. ఎంతమంది శిష్యులకు నేర్పబోయినా ఒక్కడికీ పట్టుబడలేదు.

"నేనా? ఇది నేను కుట్టానా?"

"గురువారం కుట్టారు. సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది నేనే."

నోటుపుస్తకం మొదటి పేజీలో పొందికైన అక్షరాలతో, మీసాల చక్రవర్తి భార్య ముత్యాల రాణి అని ఉంది. తెల్ల శిలువకి ఎర్ర రిబ్బను, నల్ల అంచు అని ఉంది. ఆయనకు జ్ఞాపకం బాగున్న రోజుల్లో కబుర్లుగా చెప్పినవన్నీ ఆమె రాసుకుంది. మామగారు చక్రవర్తి పక్కన రాణిని తీసేసి, ఆ చక్రవర్తి కన్నకూతురి కార్డు పెట్టడం చూసిన రోజున మొదటిసారి అనుమానం వచ్చిందట. మర్నాడు ఆ తప్పు మామగారి కంట పడితే ఆయన బెదిరిపోతారని, ఆయన లేవకముందే అన్నీ సర్దేయడం మొదలుపెట్టిందట. ఫోనులో మాట్లాడింది డాక్టరుతో. శిలువకి రిబ్బను మార్చి, ఆయన కుట్టులాగే కుట్టాలని షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా గుడ్డముక్క మీద నేర్చుకుంటోంది. ఆమె వేళ్ళ చివర సూది పోట్లు కొడుకు కూడా అప్పుడే చూశాడు.

జనరల్ గారు కుర్చీలో కూర్చున్నారు. "దొంగ దొరికినా బాగుండేదమ్మా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, "రేపు మళ్ళీ నిన్ను దొంగంటానేమో," అన్నారు.

"అంటే అనండి. నాకు తెలుసు కదా."

"నీకు తెలిస్తే చాలదు. నాకు తెలియాలి. నువ్వు చెబితే నమ్మను, వీడు చెప్పినా నమ్మను."

తొడుగులు విప్పి పక్కన పెట్టారు. ఆల్బం మొదటి అట్ట తెరిచి, కలం అందుకుని, తనకు తానే పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు: 'ఈ ఇంట్లో దొంగలు లేరు. వరస తప్పేది నువ్వే. కోడలు చెప్పినట్టు విను.' కింద సంతకం చేశారు. సంతకం కింద తేదీ వెయ్యబోయి కలం అలాగే పట్టుకుని ఉండిపోయారు.

"ఇవాళ ఎన్నో తారీఖమ్మా?" అని కోడలిని అడిగారు.

ఆమె చెప్పింది. నెల కూడా చెప్పింది. ఆయన అడగకపోయినా, సంవత్సరం కూడా చెప్పింది.