మూడో స్టేజీ ఎర్రబల్బు

హాలీవుడ్‌లో ఓ స్టూడియో. అక్కడ మూడో స్టేజీ అనే షూటింగు హాలంటే కాపలావాళ్లకే హడల్. మూకీల రోజుల్లో కళకళలాడిన చోటది. ఏడుపు సీనులో నటులకి కన్నీళ్లు రావాలని పక్కనే ఫిడేలు వాయించేవాళ్లట. టాకీలొచ్చాయి, దానికి తాళం పడింది. కానీ చీకటి పడితే... లోపల ఫిడేలు! తలుపు మీద ఎర్రబల్బు!

ఎర్రబల్బు వెలిగితే లోపల షూటింగున్నట్టు. ఓనరైనా తలుపు తియ్యకూడదు. మరి ఆ పాడుబడ్డ చోట షూటింగెవరికి?

ఓ రాత్రి హీరోయిన్ వెల్మా స్టూడియోకొచ్చింది. ఒంటి మీద వెండి గౌను, కళ్లలో నిప్పులు. ఆ సాయంత్రమే తన సినిమా మొదటి ఆటకి ఊరంతా చప్పట్లు కొట్టింది. పక్క కుర్చీ మాత్రం ఖాళీ! మొగుడు కాన్రాడ్ రాలేదు. ఒకప్పుడు మూకీల్లో ఊరూరా వెలిగిన హీరో, ఇప్పుడు పలకరించే దిక్కు లేదు. "ఇవాళ రాకపోతే నీకూ నాకూ చెల్లు" అని పొద్దున్నే చెప్పేసింది. తీరా చూస్తే అతని కారు స్టూడియో వెనక గోడ పక్కనుంది.

"నా గదికి వెళ్తున్నా" అంది గేటు దగ్గర.

"మూడో స్టేజీ వైపు మాత్రం వద్దమ్మా..." గుసగుసలాడాడు కాపలా గస్. "దెయ్యం ఫిడేలు మొదలెట్టింది."

ఆమె గస్ కంటపడకుండా మలుపు తిరిగి, నేరుగా అటే నడిచింది.

ఫిడేలు... నిజమే! ఎర్రబల్బు వెలుగుతోంది. తలుపు మీద చెయ్యి వేసి, టక్కున ఆగిపోయింది. అలవాటు! బల్బు వెలిగితే ఊపిరి కూడా బిగబట్టాలని నేర్పారు మరి.

"ఛీ! నా మొగుణ్ణి చూడ్డానికి బల్బు పర్మిషనా?"

చెప్పు తీసి ఒక్కటిచ్చింది. భళ్లుమంది. తలుపు లాగింది—

గ్రామఫోను తిరుగుతోంది. దుమ్ముపట్టిన కెమెరా. దాని ముందు పాత సైనికుడి కోటులో, మోకాళ్ల మీద... కాన్రాడ్! చెంపలంతా కన్నీళ్లు.

"లైటు చూళ్లేదా? షాటు పాడుచేశావ్!" అని అరిచాడు.

"షాటా! తీసేవాడేడయ్యా?"

అతను తల దించుకున్నాడు. "ఈ దెయ్యాన్ని పుట్టించింది నేనే. నేనని తెలిస్తే జాలిపడతారు, వెల్మా. దెయ్యమంటే... కనీసం భయపడతారు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. అతని మీద, అతన్ని గెంటేసిన స్టూడియో మీద, తనకి పడిన చప్పట్ల మీద కూడా.

"సిగ్గులేదూ! నన్ను ఒంటరిదాన్ని చేసి ఈ దుమ్ముకి ఏడ్చి చూపిస్తావా?" అంటూ రెండో చెప్పూ విసిరికొట్టింది. వెళ్లి కెమెరా వెనక కూలబడింది. "కానియ్! నేను చూస్తా. మొదట్నుంచి ఏడువు!"

పొద్దున గేటు దగ్గర గస్ వెల్మాకి ఎదురు పరిగెత్తుకొచ్చాడు.

"నిన్నటిదాకా ఒక్క మగదెయ్యమేనమ్మా! ఇప్పుడు ఆడదెయ్యం కూడా చేరింది. బల్బు పగలగొట్టి, తెల్లారేదాకా వాణ్ణి ఒకటే తిట్టు!"

"ఇవాళ కూడా వస్తుంది" అంది వెల్మా. "ఆ బల్బు మాత్రం మళ్లీ పెట్టనివ్వకు."