పాత సున్నం

రియాద్ దాటాక ఎడారిలో సినిమా కోసం ఒక చర్చి కట్టారు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట ఇంగ్లండు పల్లెల్లో ఉండేలాంటిది. చదరపు గోపురం, మొన తేలిన ఆర్చీలు, తలుపు పక్కన పసిపిల్లలకు జ్ఞానస్నానం చేయించే తొట్టి. అంతా థర్మాకోల్ మీద సిమెంటే. గోడ పూత మాత్రం నిజం సున్నం కావాలని పట్టుబట్టారు. ఇంగ్లండులో కూలగొట్టిన ఒక అసలు చర్చి గోడ పెళ్లల్ని గోనెసంచుల్లో తెప్పించారు. నూరి కొత్త సున్నంలో కలిపితే రంగు కుదురుతుందట. డబ్బున్నవాళ్ల తిక్కకు అడ్డేముంది.

ఆ సైటులో సున్నం పని తెలిసిన మేస్త్రీ జగిత్యాల దేవన్న ఒక్కడే. గురువారంలోగా తూర్పు గోడ పూర్తిచేస్తే ఊరికి పోయిరావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టిస్తానని, అతన్ని పనికి తెచ్చుకున్న యజమాని కఫీల్ మాటిచ్చాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లకు భార్య ఊర్మిలకు నెలలు నిండాయి. పుట్టే బిడ్డను ఎత్తుకోవాలి. దేవన్నకు కావలసింది అదొక్కటే.

మిట్టమధ్యాహ్నం ఎండకు బయట పని బందు. అందరూ క్యాంపులో పడుకుంటే దేవన్న చర్చి లోపల మసక వెలుతురులో సున్నం కలుపుతున్నాడు. కడప నుంచి వచ్చిన సూపర్‌వైజరు సలీం పక్కన కూర్చుని ఆ పెళ్లల కథ చెప్పాడు. పూత పట్టు నిలవడానికి అందులో ఆవు వెంట్రుకలు కలిపేవారట. ఒక ఏడు మహమ్మారి వచ్చి ఊళ్లో పశువులు కూడా మిగల్లేదట. చర్చి పూత మాత్రం ఆగలేదట.

"మరి ఎంటికలు యాడికెల్లి తెచ్చిన్రు?" అన్నాడు దేవన్న.

"సచ్చినోళ్లయంట. పూడ్చేముందర కత్తిరించుకునేటోళ్లంట."

అంత చల్లగా చెప్పి సలీం నమాజుకు వెళ్లిపోయాడు. దేవన్న తాపీ పక్కన పెట్టాడు. సున్నం వేడి దిగిందో లేదో నాలుక కొసకు తగిలించి చూడటం తండ్రి నేర్పిన పద్ధతి. పొద్దుటినుంచి నాలుగుసార్లు చూశాడు.

ఉమ్మేశాడు. నోట్లో మురిగిన కొవ్వు వాసన. నాలుక కింద ఏదో గుచ్చుకుంది. వేలు పెట్టి లాగాడు. ఎర్రటి వెంట్రుక... జిడ్డుగా, తడిగా. లాగుతున్న కొద్దీ వస్తోంది. మూరెడు... బారెడు... గొంతులోంచి జారుతూ వస్తోంది. వాంతి వచ్చింది, వెంట్రుక మాత్రం తెగలేదు.

అప్పుడు చూశాడు. దాని రెండో కొస తూర్పు గోడలో ఉంది. పచ్చి పూతలోంచి బయటికి వచ్చి బిగుసుకుంటోంది. లాగుతోంది...

తాపీ తీసి తెగనరికాడు. ఒక ముక్క గోడలోకి పోయింది. ఇంకో ముక్క వెచ్చగా, పురుగులా, గొంతులోకి దిగిపోయింది.

గురువారానికి గోడ పూర్తయింది. ఎగ్జిట్ వచ్చింది. అదే రోజు ఊళ్లో ఊర్మిలకు ఆడపిల్ల పుట్టింది. దేవన్న అద్దం ముందు నోరు తెరిచి చాలాసేపు చూసుకున్నాడు. చిగుళ్ల వెంబడి ఎర్రగా నూగు మొలుస్తోంది. తన ఒళ్లంటే తనకే రోత పుట్టింది. ఈ నోటితో పసిదాన్ని ఎలా ముద్దాడతాడు? శనివారం విమానం ఎక్కలేదు. రానని చెప్పడానికి నోరు రాక ఆదివారం దాకా ఆగి, ఊర్మిలకు ఫోన్ చేశాడు.

"నేను వస్తలేను ఊర్మిలా," అన్నాడు.

ఆమె గొంతు తగ్గించి నవ్వింది. "పరాచికాలా? పొద్దుగాలనే వస్తివి గదా. అన్నం ముట్టకపోతివి. లోపలి అర్రల కూసోని గోడ నాకవడితివి. ఆడికెల్లే ఫోన్ చేస్తున్నవా?"

"నేను రియాద్‌ల్నే ఉన్న."

అవతల నవ్వు ఆగిపోయింది. గుసగుసగా అడిగింది.

"మరి... బిడ్డ ఎవరి ఒళ్లె ఉన్నది?"

ఆమె అడుగులు ఆ గది వైపు వెళ్లాయి. తలుపు కిర్రుమంది. ఫోనులో నాకుతున్న చప్పుడు, తడితడిగా. గోడయితే అంత మెత్తగా వినిపించదు.