కల్వర్టు దగ్గర ఎవరూ ఆపరు

కొండ దిగుతుంటే పెద్ద మలుపులో ఒక కల్వర్టు ఉంది. రాత్రిపూట అక్కడ ఎవరైనా చెయ్యెత్తితే బండి ఆపకూడదు. ఆ దారిలో లారీ తోలేవాళ్లు కొత్తవాళ్లకి గేర్లు నేర్పకముందే ఈ మాట నేర్పుతారు. చెయ్యెత్తేవాడు మనిషి కాదంటారు. దెయ్యాల్లేవని పగలంతా వాదించే మా చిన్నాన్న కూడా రాత్రయితే అక్కడ అటూ ఇటూ చూడకుండా దూసుకొచ్చేసేవాడు.

ఇది ఆయన నాకు చెప్పిందే. పిన్నిని అడిగితే సగమే చెబుతుంది. మిగతా సగం ఆవిడకి తెలియదు… ఆయన తెలియనివ్వలేదు.

ఆ ఏడాది చిన్నాన్నకి లోడు యావ పట్టింది. అందరూ వేసేదానికన్నా తను ఇంకాస్త ఎక్కువ వెయ్యాలి. దానికి వెనక చక్రాల మీద బరువు మోసే ఇనప పట్టీల కమాన్ కట్టలు ఆగవు కదా — తుక్కు దుకాణంలో పాత పట్టీలు ఏరుకొచ్చి, ఉన్నవాటికి తోడుగా బిగించమన్నాడు. మెకానిక్ ఒక్కో పట్టీనీ సుత్తితో కొట్టి విన్నాడు. ఒకటి మాత్రం ఖంగుమనలేదు.

"ఇది మోగట్లేదన్నా. లోపల చీలిక ఉన్నట్టుంది."

"మోగడానికి అదేమన్నా బడిగంటా? బిగించు."

బిగించాడు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక రాత్రి ఇటుకల లోడుతో లారీ ఇంటి ముందు ఉంది. పాపకి — అంటే మా చెల్లికి, అప్పటికి ఇంకా మాటలే సరిగ్గా రాలేదు — జ్వరం తలకెక్కి ఫిట్స్ వచ్చాయి. ఆస్పత్రి కొండకి అవతల. చేతుల్లో ఫోన్లు లేని రోజులవి. వేరే బండి దొరకదు, ఇటుకలు దించే వ్యవధి లేదు. పిన్ని పాపని ఒళ్లో వేసుకుని క్యాబిన్‌లోకి ఎక్కింది.

కొండెక్కారు. దిగుతున్నారు. పెద్ద మలుపు… కల్వర్టు…

ఫట్!

లారీ వెనకభాగం ఎడమకి ఒరిగిపోయింది. టైరు బాడీకి ఒరుసుకుని ఇక కదలనంది. దిగి చూస్తే కమాన్ కట్ట విరిగి వేలాడుతోంది.

ఇంతలో పైనుంచి ఒక లారీ లైట్లు కనబడ్డాయి. చిన్నాన్న రోడ్డు మధ్యకి పరిగెత్తి రెండు చేతులూ ఊపాడు. "ఆపండి… పసిపిల్ల ఉంది… ఆపండి!"

అది వేగం తగ్గించలేదు. పెంచింది. డ్రైవరు గబగబా అద్దం ఎక్కించుకోవడం కూడా కనబడింది.

ఇంకోటి వచ్చింది. అదీ అంతే. అప్పుడు వెలిగింది ఆయనకి — వాళ్ల కళ్లకి తను మనిషి కాదు. వాళ్లని అని ఏం లాభం, తనైనా ఆపేవాడు కాదు.

ఇక జాకీయే దిక్కు. జాకీ పెట్టి లారీ కిందకి దూరాడు. అప్పుడే ఆ చెయ్యెత్తేవాడి సంగతి గుర్తొచ్చింది. వాడూ డ్రైవరే. ఇక్కడే, ఇలాగే కట్ట విరిగింది. జాకీ జారి ఇరుసు కింద ఇరుక్కుని, వెళ్లే ప్రతి బండికీ కిందనుంచే చెయ్యి ఊపాడట… తెల్లారేదాకా ఊపుతూనే ఉన్నాడట. ఒక్కరూ ఆపలేదు.

వాన తడికి నేల మెత్తగా ఉంది. జాకీ మట్టిలోకి దిగబడిపోతోంది. ఇటుకల బరువంతా కిర్రుమంటూ మీదికి వస్తుంటే, చిన్నాన్న ఎలాగో పాక్కుంటూ బయటపడ్డాడు.

"ఏమండీ… పాప కళ్లు తేలేస్తోందండీ…"

పదిమందిని గదమాయించే మనిషి, బంపరుకి తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. చేతిలో ఇక ఏమీ లేదు. "ఎవరైనా సరే… కాస్త సాయం పట్టండి… ఎవరైనా సరే…"

కాసేపటికి పిన్ని గొంతు. "బాగు చేశారా? బండి లేచిందండీ… తొందరగా రండి!"

తలెత్తి చూశాడు. నిజమే — లేచింది. వెనకభాగం సమంగా ఉంది. వంగి కిందకి చూసే ధైర్యం లేదు, టైమూ లేదు. ఎక్కి స్టార్ట్ చేశాడు. కొండ దిగేదాకా గుంటల్లో కూడా కుదుపన్నది తెలియలేదు. అదంతా మొగుడి పనితనమేనని పిన్ని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటుంది.

ఆస్పత్రి ముందు ఆపగానే పాపని ఎత్తుకుని పరిగెత్తారు. ఇంజెక్షన్ పడింది. ఫిట్స్ ఆగాయి. కాసేపటికి పాప గుక్కపెట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని చిన్నాన్న గోడకి చేరగిలబడి నవ్వాడట.

లారీ సంగతి చూద్దామని బయటికొచ్చాడు. ఆపినచోటే ఉంది, సమంగా. ఇంజన్ ఆపేసి ఉన్నా… సన్నగా వణుకుతోంది.

దగ్గరికి వెళ్లాడు. వెనక చక్రాల మధ్య చీకట్లోంచి, రొప్పుతూ, మెల్లగా —

"పాప ఏడుపు వినబడిందన్నా… ఇక దించెయ్యనా?"