ఊటగదిలో గుటకలు

చీకటి పడ్డాక ఊటగది వైపు ఎవరూ వెళ్ళేవారు కాదట.

కొండ కడుపులోంచి ఊరిన నీళ్ళు ఆ రాతిగదిలో చేరి, పైపుల్లో కింద ఊరికి దిగుతాయి. రెండేళ్ళుగా దానికి చెడ్డపేరు. రాత్రయితే చాలు, లోపల ఎవరో నీళ్ళు తాగుతున్నట్టు గుటకలు... ఆ తర్వాత ఒక నిట్టూర్పు. గది కడుతున్నప్పుడు బండ కింద పడి, దాహం దాహం అంటూ పోయిన మేస్త్రీయే అని చెప్పుకునేవారు.

ఊట కొలిచే అమ్మాయికి ఆ కథ చెప్పింది వాళ్ళ బాబాయి. తండ్రి పోతే పెంచిందీ ఆయనే, ధార కింద బకెట్ పెట్టి, వాచీ చూసి నీళ్ళు కొలవడం నేర్పిందీ ఆయనే. ఆయన రిటైరయ్యాక ఆ పని ఆమె చేతికొచ్చింది.

"పగలు ఎంతసేపైనా ఉండు అమ్మడూ. పొద్దు వాలాక మాత్రం ఆ గడప తొక్కకు," అని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. ఊట మాత్రం సన్నబడింది. అంతకంటే వింత — సాయంత్రం నలభై సెకన్లలో నిండే బకెట్, తెల్లారేసరికి ఒకటిన్నర నిమిషం తీసుకుంటోంది.

అంటే రాత్రిపూట నిజంగానే ఎవరో తాగుతున్నారు!

ఆమెకి ఒట్టు గుర్తొచ్చింది. కానీ కింద కుళాయిల దగ్గర బిందెలతో కొట్టుకుంటున్న ఆడవాళ్ళు కళ్ళ ముందు మెదిలారు. ఒక రాత్రి ఒట్టు తీసి గట్టున పెట్టి, టార్చి పట్టుకుని బయల్దేరింది.

తలుపు తోసింది.

గుట్... గుట్... గుట్...

టార్చి వేసింది — ఎవరూ లేరు. తొట్టిలో నీళ్ళు మాత్రం చూస్తుండగానే కిందికి జారుతున్నాయి. రాళ్ళ సందుల్లోకి వెనక్కి పోతూ, పోతూ, గాలిని మింగుతున్నాయి. గుటకలూ, నిట్టూర్పూ ఆ గాలివే.

ఊట వెనక్కి పోవడమేంటి... పైనుంచి ఎవరో లాగితే తప్ప?

కొండ నెత్తిన ఒక పల్లం ఉంది. అక్కడ ఇంకిన వానే రాళ్ళ మధ్య నెమ్మదిగా దిగి, నెలల తర్వాత ఈ గదిలో తేలుతుంది. అదీ బాబాయి చెప్పిందే.

రొప్పుతూ ఎక్కింది. అంచు దాటగానే జనరేటర్ చప్పుడు. పల్లం మధ్యలో బోరు. పక్కన ట్యాంకరు. గొట్టం పట్టుకుని ఒక మనిషి.

"బాబాయ్..."

ఆయన ఉలిక్కిపడలేదు. గొట్టమూ వదల్లేదు.

"ఎప్పటికైనా వస్తావనుకున్నా," అన్నాడు మెల్లగా. "కొండవతల హోటళ్ళకి పంపిస్తున్నా. రాత్రిళ్ళే."

"మరి... మేస్త్రీ?"

"ఏ మేస్త్రీ లేడు. ఊళ్ళోవాళ్ళకి ఆ కథ అక్కర్లేదమ్మా, ఎండలకి తగ్గిందంటే నమ్మేస్తారు. నీ ఒక్కదాని కోసమే అల్లి, నువ్వు నమ్మాలని ఊరంతా చాటాను. తేడా పట్టగలిగేది నువ్వొక్కదానివే."

ఆమె గొట్టం దాటుకుని వెళ్ళి జనరేటర్ ఆపేసింది.

"పొద్దున్నే అందరికీ చెప్తా," అని, వెనక్కి చూడకుండా కాలిబాట పట్టింది.

ఆయన ట్యాంకరెక్కాడు. రోడ్డు మీదుగా ఆమెకన్నా ముందే దిగాడు.

తెలతెలవారుతుండగా ఆమె వీధి మొగకి చేరేసరికి ఊరంతా అక్కడే ఉంది. అందరి ముందూ బాబాయి. కళ్ళ నిండా నీళ్ళు.

"కొండ మీద ఈయన బోరు—"

"విన్నారా?" అన్నాడాయన, వణుకుతున్న గొంతుతో. "చెప్పానా... వద్దన్నా వినకుండా రాత్రి ఊటగదిలోకి వెళ్ళింది. ఇప్పుడు మాట్లాడుతున్నది మా అమ్మాయి కాదు."

"పైకి రండి, చూపిస్తా! ఒక్కరు రండి!"

జనం ఒక అడుగు వెనక్కి వేశారు. ఒక్కరూ కొండ వైపు కదల్లేదు.

ఆమె ఇంటి వైపు పరిగెత్తింది. గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది.

"పిన్నీ, నేనే... నన్ను చూడు—"

పిన్ని చూసింది. చూస్తూ చూస్తూనే... తలుపేసి, లోపలనుంచి గడియ పెట్టుకుంది.