బాపు పగటి నిద్ర

మధ్యాహ్నం పన్నెండు దాటింది. భవ్యశ్రీ సమ్మర్ క్యాంపులో అప్పటికి మూడో పీరియడ్ నడుస్తోంది.

క్యాంపు అంటే పెద్దదేం కాదు. సిరిసిల్లలో ఒక రేకుల ఇల్లు, అందులో ముందు గది, ఇద్దరు విద్యార్థులు. ఒకడు తమ్ముడు ప్రణయ్, ఆరేళ్లవాడు. రెండోది చిన్నమ్మ కూతురు కావ్య, నాలుగేళ్ల పిల్ల. టీచరూ, ప్రిన్సిపాలూ, బెల్లు కొట్టే అటెండరూ అంతా భవ్యశ్రీయే. ఆమెకు పదేళ్లు. ఐదో తరగతి పరీక్షలు మొన్ననే అయిపోయాయి.

క్లాసులో ప్రమోదిని వాళ్లు సెలవులకు ఊటీ పోతున్నారట. "మనం ఏడికి పోతం అవ్వా?" అని పరీక్షలు అయిన రోజే భవ్యశ్రీ అమ్మను అడిగింది. ఆ ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తారు.

అవ్వ అనసూర్య ఊడ్చే చీపురు ఆపలేదు. "ఏడికి లేదు బిడ్డా. పైసల్లేవు, నాకు సత్తువ లేదు. గీ పిల్లలను జర చూస్కో, అదే పదివేలు."

పోకపోతే పోయింది, ఇంట్లోనే సెలవులు చేద్దామనుకుంది భవ్యశ్రీ. పాత నోట్‌బుక్ చివరి పేజీలో టైంటేబుల్ గీసింది. పొద్దున బొమ్మలు గీయడం, తర్వాత మంచం కింద గుహ ఆట, ఎండ ముదిరాక పాటలు, డాన్సు. రూపాయి ఖర్చు లేదు.

ఖర్చు లేదు కానీ చప్పుడు మాత్రం బోలెడు. పక్క గదిలోనేమో బాపు, అంటే నాన్న, పడుకున్నాడు.

బాపు వెంకటి రాత్రి షిఫ్టులో సాంచాలు నడుపుతాడు. అవే, బట్ట నేసే పవర్‌లూములు. రాత్రి ఎనిమిదికి పోతే పొద్దున ఎనిమిదికి వస్తాడు. అతను చెప్పులు విడిచేసరికి అవ్వ చెప్పులు తొడుక్కుని, నూలు కండెలు చుట్టే పనికి బయలుదేరుతుంది. ఇద్దరూ గుమ్మంలోనే మాట్లాడుకుంటారు.

బాపు నిద్ర సంగతి భవ్యశ్రీ ఆలోచించకపోలేదు. వాళ్ల వెనక గోడకు ఆనుకునే ఒక సాంచాల షెడ్డు ఉంది. పగలంతా టకాటకామని ఒకటే మోత. కొత్తగా వచ్చిన చుట్టాలు గంటకే తలనొప్పి అని లేచిపోతారు. బాపు మాత్రం ఆ మోతలోనే నిద్రపోతాడు. అంత మోతకు లేవని మనిషి, పిల్లల పాటకు లేస్తాడా? ఇదీ ప్రిన్సిపాల్ గారి తెలివి.

"గట్టిగ పాడుర్రి! సాంచాల కంటె గట్టిగ!"

పిల్లలు గొంతులు చించుకున్నారు. ప్రణయ్ బిందె బోర్లించి వాయించాడు. డాన్సులో వాడు కాలు తొక్కితే కావ్య ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. భవ్యశ్రీ తలుపు సందులోంచి తొంగి చూసింది. బాపు గోడవైపు తిరిగి, కళ్ల మీద తువ్వాల వేసుకుని కదలకుండా ఉన్నాడు.

"చూసిన్రా, లేవనే లేవలే!" అంది.

ఇలా పది రోజులు గడిచాయి. నిజం చెప్పాలంటే ప్రిన్సిపాల్‌కే ఓపిక అయిపోయింది. ఒకరికి నీళ్లివ్వగానే ఒకరికి ఆకలి. ఇద్దరూ ఊరుకుంటే కరెంటు పోయేది. అవ్వ రోజూ సాయంత్రం వచ్చి గోడకు ఎందుకు జారగిలబడుతుందో భవ్యశ్రీకి ఇప్పుడు కొంచెం తెలిసింది.

ఆ సాయంత్రం, బాపు పనిచేసే షెడ్డు ఆసామి ఓంప్రకాశ్ బండి మీద వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"ఏమైంది వెంకటీ నీకు? నిన్న రాత్రి గూడ పోగులు తెగితె చూస్కోలే. గజం బట్ట ఖరాబైంది. సాంచ ముంగట నిలవడి కునుకుతున్నవ్. చెయ్యి అండ్ల పడితె ఏం గావాలె? ఇంకోపాలి కునుకవట్టినవంటె నిన్ను పనిల పెట్టుకోను."

"ఎండలు గద సేటూ, నిద్ర పడుతలేదు. ఇగ గట్ల గాదు" అన్నాడు బాపు, తల వంచుకుని. టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకు నడుచుకుంటూ పోయాడు.

భవ్యశ్రీ పొయ్యి దగ్గరికి వెళ్లింది. "అవ్వా, బాపు మంచిగనె పండుకుంటుండు గద? నేను రోజు చూస్తున్న."

"పండుకునుడు వేరు, నిద్ర వేరు బిడ్డా" అంది అవ్వ. "సాంచాల మోత ఇరవై ఏండ్ల సంది అలవాటే. దానికి లేవడు. పిల్లల గొంతు ఇనవడ్డదంటె మాత్రం, ఎవరు పడ్డరో, ఏం దెబ్బ తాకిందోనని కండ్లు తెరుసుకుంటయి. ఇంట్ల ఇంకో పెద్దమనిషి లేడాయె."

"మరి నాకు చెప్పలేదేంది?"

"నేను చెప్తనంటె మీ బాపే వద్దన్నడు. పోరగాండ్లను ఏడికి తీస్కపోకపోతిమి, ఇంట్లనన్న ఆడుకోనియ్యి అన్నడు."

భవ్యశ్రీకి ఏడుపు వచ్చింది. ఆ రాత్రి అన్నం సగంలోనే చాలంది.

మర్నాడు బాపు రాగానే పిల్లలిద్దరినీ నోటి మీద వేలేసుకుని కూర్చోమంది. పది నిమిషాలు కూర్చున్నారు. పదకొండో నిమిషం కావ్యకు నవ్వొచ్చింది, ప్రణయ్‌కు కోపమొచ్చింది. ఇది అయ్యే పని కాదని, వాళ్ల చేతులు పట్టుకుని వీధి చివర ఐలవ్వ ఇంటికి తీసుకుపోయింది.

"ఐలవ్వా, పగటీలి మీ అర్రల ఆడుకుంటం. మా బాపు నిద్రపోవాలె."

ఐలవ్వ చింతపండు కుప్ప ముందు కూర్చుని ఉంది. ముసలి వేళ్లు వణుకుతున్నాయి. "ఆడుకోర్రి. ఉత్తగ గాదు, గీ గింజలు తీసి పెట్టాలె" అంది.

పిల్లలకు అంతకన్నా పండగ ఏముంది! తీసింది కొంత, తిన్నది కొంత. అరిచారు, పాడారు. ఎవరూ ఎవరినీ ఆపలేదు.

ఒంటిగంటకు కరెంటు పోయింది. వీధిలో సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. భవ్యశ్రీకి ఇంట్లో ఫ్యానూ ఆగి ఉంటుందని గుర్తొచ్చింది. పైన రేకులు కాలిపోతుంటాయి.

"పిల్లలను జర చూడు ఐలవ్వా" అని చెప్పి, ఎండలో ఇంటికి పరిగెత్తింది.

బాపు చెమటలో తడిసి అటూ ఇటూ పొర్లుతున్నాడు. భవ్యశ్రీ ఒక అట్టముక్క తీసుకుని, తల దగ్గర కూర్చుని మెల్లగా విసరడం మొదలుపెట్టింది.

బాపు కళ్లు తెరవకుండానే అడిగాడు. "ఎవరు పడ్డరు?"

"ఎవ్వరు పడలే బాపూ. అందరు ఐలవ్వ తాన ఉన్నరు. నేను చూస్కుంట, నువ్వు పండుకో."

బాపు పెద్దగా ఊపిరి వదిలాడు. కాసేపటికి సన్నగా గురక మొదలైంది, అతని చెయ్యి మంచం మీంచి జారి వేలాడింది.

భవ్యశ్రీకి కుడిచెయ్యి నొప్పి పుట్టింది. అట్టముక్కను ఎడమచేతిలోకి మార్చుకుంది.