బట్టమేక పిట్ట లెక్క

దావీదురాజు కోడుమూరు నుంచి మొదటి బస్సుకే కర్నూలు వచ్చి, ప్రైవేటు డిటెక్టివు లేవి గారి గడపలో నిలబడే సంగతంతా చెప్పాడు. అతను మిషన్ బడిలో ఉపాధ్యాయుడు. అడవి పిట్టల ఫోటోలు తీయడం అతని పిచ్చి. మద్రాసులో ఒక డాక్టరు దగ్గర అరువు తెచ్చుకున్న దూరపు లెన్సు నిన్న పొద్దున పెట్టెలోంచి మాయమైంది.

"దొంగ దొరికినాడండీ. చిన్న ఈరన్న అని గొర్రెలు మేపేవాడు, నా పెట్టె మోసేదీ వాడే. చావిట్లో కూర్చోబెట్టినారు. సాయంత్రం పోలీసులొచ్చి తీసకపోతారు."

"దొంగ దొరికినాక నాతో ఏం పని?"

"వస్తువు దొరకలేదు. నాలుగు రోజుల్లో గుడ్డు పగిలి పిల్ల వస్తాది, ఆలోగా ఫోటో తీయల్ల. బట్టమేక పిట్ట ఒక్క గుడ్డే పెడతాది లేవి గారూ!"

పాతికేళ్ళుగా ఇళ్ళల్లో పోయిన వస్తువులు వెతికి వెతికి లేవి గొంతులో విసుగు కూడా మిగల్లేదు. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. సహాయకుడు రామకృష్ణ అప్పటికే సంచి సర్దేశాడు. ఆయన లేస్తే కేసు తేలినట్టేనని అతని నమ్మకం.

ఆగస్టు సగమైనా చినుకు లేదు. బస్సు కిటికీలోంచి ఎండిన కొర్రచేలు చూస్తూ లేవి అడిగాడు. "ఫోటో ఎట్లా తీస్తారు?"

"మనిషి కనపడితే పిట్ట గూటికి రాదు. అందుకని కంపతో మాటుగుడిసె కట్టినా. ఇద్దరం లోపలికి పోతాం, ఈరన్న ఒక్కడే బయటికి పోతాడు. పిట్టకు లెక్క రాదు గదా, గుడిసె ఖాళీ అనుకుంటాది." దావీదురాజు ఆ ఉదయం మొదటిసారి నవ్వాడు. "నిన్న వాడు పోయినాక పెట్టె విప్పితే, లోపల రాయి!"

"పెట్టె సర్దిందెవరు?"

"నేనే, మొన్న సాయంత్రం. పొద్దున విప్పకుండానే వాని నెత్తికెత్తినా. బరువు సరిగ్గానే ఉండె. దారిలో నా వెనకాల నడిచినాడు, వాడే మార్చినాడు."

ఇంటికి చేరాక రామకృష్ణ ఆ రాయిని పెట్టెలోంచి తీసి, చేతుల్లో తిప్పి చూశాడు. పిడికిలికి రెండింతలుంది. అడుగు నున్నగా అరిగి ఉంది.

"దారిలో ఏరిన రాయే," అన్నాడు దావీదురాజు.

రామకృష్ణ నుదుటి చెమట తుడుచుకున్నాడు. మరుక్షణం కన్ను మండి నీళ్ళు కారాయి. "దుమ్ము పడిందయ్యా," అన్నాడు సిగ్గుపడుతూ.

దావీదురాజు భార్య కృపమణి సగం చెంబు నీళ్ళు తెచ్చింది. "ఇంతకన్నా ఇయ్యలేనప్పా, ఏమనుకోవాకు. ఇంటి బాయిలో ఉప్పునీళ్ళు. మంచినీళ్ళు మైలు దూరం."

గోడ వారగా ఎనిమిది బిందెలు బోర్లించి ఉన్నాయి. లేవి వాటివైపు చూశాడు.

"అవి ఫోటో పలకలు కడిగేదానికి. ఉప్పునీళ్ళు తగిలితే మచ్చలు పడతాయంట. ఫోటో తీసిన దినమల్లా ఎనిమిది బిందెలు. నిన్న తీయలేదు గదా." పక్కింటివాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పిందామె. మెడ మాత్రం ఒక పక్కకు వంగే ఉంది.

మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి పచ్చడి బదులు పొడికారం, నూనె పెట్టింది. "ఊరుబిండి నూరలేదు," అంది నేలచూపులతో. లేవి పెరట్లోకి చూశాడు. రోట్లో పిచ్చుక కూర్చుని ఉంది.

తిన్నాక ఆయన చావడికి వెళ్ళాడు. "ఏమప్పా, అద్దం యాడ పెట్టినావు?"

"నేను ఆ పెట్టె ఎప్పుడూ ఇప్పలే సామీ," అన్నాడు ఈరన్న. "నిన్నట్నుంచి గొర్రెలు దొడ్లోనే ఉండాయి. నన్ను కొట్టినా సరే, వాటిని మేతకు ఇడిపించండి."

కాపలా ఉన్న తలారికి చెప్పి లేవి అతన్ని వెంటబెట్టుకొచ్చాడు. అందరినీ వసారాలో కూర్చోబెట్టి, రాయిని మధ్యలో పెట్టాడు.

"ఈరన్న దారిలో మార్చుంటే దారిలో రాయే ఏరుకుంటాడు. దారిలో రాయికి మిరపకారం అంటదు. రామకృష్ణ కంట్లో పడింది దుమ్ము కాదు. ఇది పచ్చడి నూరే రోటి గుండు. ఈ ఇంటి రోట్లో గుండు లేదు, అందుకే ఊరుబిండి లేదు. అంటే పెట్టె గడప దాటకముందే ఇది లోపలికి పోయింది. ఫోటో ఆగితే ఈ ఇంట్లో ఎవరికి మేలు? ఆ బోర్లించిన బిందెల్ని అడగండి."

కృపమణి లేచి లోపలికెళ్ళింది. జొన్నల కుండలోంచి పాతచీర మూట తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఒక్కనాడనుకున్నా. ఒక్కనాడు నీళ్ళు మోయకుండా నడుం వాల్చి, సాయంత్రానికి మళ్ళా పెట్టెలో పెడదామనుకున్నా. అంతలోనే ఈయన ఈరన్నను పట్టిచ్చె. నాకు నోరు రాకపాయ." ఆమె ఈరన్న వైపు తిరిగింది. "తప్పయిపాయ నాయనా."

దావీదురాజు మూట విప్పి, లెన్సును వెలుతురుకు ఎత్తి చూశాడు.

"గీత పడిందేమో చూస్తాండారా?" అన్నాడు లేవి. "పిట్టకు లెక్క రాదని నవ్వినారే అయ్యవారూ, ఈ ఇంట్లో ఇద్దరుండారు. మీరెంతమందిని లెక్కపెట్టినారు?"

అతను లెన్సు దించాడు. భార్య ముఖం చూడలేక ఈరన్న వైపు తిరిగాడు. "రేపు వస్తావా ఈరన్నా? గుడ్డు..."

"గొర్రెలకు మేత చూడల్ల," అని ఈరన్న వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం బస్సు ఊరు దాటింది. మంచినీళ్ళ బావి దారిలో కృపమణి ముందు నడుస్తోంది, తల మీద ఒక బిందె, చంకలో ఒకటి. వెనకాల దావీదురాజు, ఎట్లా పట్టుకోవాలో తెలియక ఒక్క ఖాళీ బిందెను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని పోతున్నాడు.

"చూడండయ్యా, ఇద్దరూ పోతాండారు!" అన్నాడు రామకృష్ణ సంబరంగా.

లేవి కళ్ళు తెరవలేదు. "మాటుగుడిసెలోకి గూడా పోయేటప్పుడు ఇద్దరే పోతారప్పా. రేపట్నుంచి ఎందరు పోతారో లెక్కపెట్టల్ల."