ఎర్ర బ్రేకుల బండి

ఆ చీటీలో ఉన్నవి రెండే వాక్యాలు. "టాప్ మోడల్ కొనొద్దు. బేస్ మోడలే తీసుకోండి." కింద సంతకం లేదు.

దాన్ని డిటెక్టివ్ బల్ల మీద పెట్టిన ఆవిడ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ బట్టల్లోనే వచ్చేసింది.

"పొద్దున మా తలుపు కింద దొరికిందండి. మా అమ్మాయికి ఇంకా చూపించలేదు. చూపిస్తే ఎవడో కుళ్ళుకుని రాశాడంటుంది. దానికి కార్ల పిచ్చి. ఆదివారం కొండ రోడ్డు మీద పందెం ఉంది. పందేల కోసం కార్లు మార్చి అమ్మే షెడ్డు నుంచి రేపే బండి తెచ్చుకుంటానంటోంది. వద్దంటే నాతో మాట్లాడటం మానేస్తుంది. సరేనంటే నాకు కంటి మీద కునుకుండదు."

డిటెక్టివ్ చీటీని కిటికీ వెలుగులో తిప్పి చూసింది. ఆమెకు ముప్పై అయిదేళ్ళుంటాయి. సహాయకుడు మాత్రం అరవై దాటినవాడు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆమె మాట మీద ఆయనకున్న గురి తన మాట మీద ఏనాడూ లేదని ఇంట్లో భార్య దెప్పుతూ ఉంటుంది.

"వాసన చూడు బాబాయ్."

ఆయన కాగితం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "థిన్నరమ్మా. ఈ అంచుకి జిగురు కూడా ఉంది."

"కార్లకు రంగు వేసేటప్పుడు అద్దాలకు అంటించే కాగితం. అంటే ఈ మాట ఆ షెడ్డులోంచే వచ్చింది. పదండి."

షెడ్డులో రెండు కార్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. రెంటినీ నేలకు ఆనేంతగా కిందికి దించి, వెనక రెక్క బిగించి, వెడల్పాటి చక్రాలు వేశారు. టాప్ మోడల్ చక్రాల సందుల్లోంచి పెద్ద ఎర్ర బ్రేకులు కనబడుతున్నాయి.

నర్సు కూతురు అప్పటికే అక్కడ ఉంది. విషయం వినగానే తల కొట్టుకుంది. "కారు కొంటున్నానమ్మా, పెళ్ళి చేసుకోవట్లేదు. డిటెక్టివ్‌ను పెట్టి వాకబు చేయిస్తావా?"

"పెళ్ళికైతే ఇంత భయపడను," అంది తల్లి.

అమ్మకాలు చూసేది షెడ్డు యజమాని అల్లుడు. హుషారైన మనిషి. "చూడండి మేడమ్, బేస్ మోడల్‌కి కంపెనీ ఇచ్చేవి చిన్న బ్రేకులు. అందుకే దాని ఇంజన్‌కి కొంచెమే బలం పెంచాం. టాప్ మోడల్‌కి పెద్ద బ్రేకులొస్తాయి. ఎంత ఉరికినా ఆపుతాయి కాబట్టి దీన్ని పట్టపగ్గాల్లేకుండా పెంచేశాం. పందానికి ఇదే సరైనది."

యజమానిని అందరూ పెద్దాయన అంటారు. చీటీ సంగతి వినగానే ఆయన చేతులు తుడుచుకుంటున్న గుడ్డను నేలకేసి కొట్టాడు. "ఇంకో కస్టమరు దీని మీద కన్నేశాడు. వాడి పనే ఇది. నలభై ఏళ్ళ నుంచి మా గేటు దాటే ప్రతి బండినీ నేను స్వయంగా కొండ దింపి చూస్తాను. ఎవర్నైనా అడగండి!"

"బేస్ మోడల్‌ను దింపారా?"

"మొన్ననే."

"మరి దీన్ని?"

"దీన్నా... సీటు మరీ కిందికి ఉంది. మోకాళ్ళు సహకరించట్లేదు. ఊళ్ళో తిప్పి చూడమని అల్లుడికి చెప్పాను."

డిటెక్టివ్ రెండు కార్ల సీట్లనూ ఒకసారి చూసింది. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

వెనక గదిలో పెయింటరు ఒక తలుపుకు ఉప్పుకాగితం రుద్దుతోంది. పాతికేళ్ళమ్మాయి. ఇన్ని మాటలు వినబడుతున్నా తలెత్తలేదు. ఆమె వెనక గోడకు గోధుమరంగు కాగితపు చుట్ట వేలాడుతోంది. బాబాయ్ డిటెక్టివ్‌ను మోచేత్తో పొడిచాడు.

"రాసిందెవరో మనకక్కర్లేదు బాబాయ్," అంది డిటెక్టివ్ మెల్లగా. "ఎందుకు భయపడి రాశారో కావాలి."

ఆమె రెండు కార్ల డిక్కీలూ తెరిపించి, అడుగు పలకలెత్తి, స్టెప్నీలను జానతో కొలిచింది. గోడ అరలో ఉన్న కంపెనీ పుస్తకం తీసి ఒక పేజీ నిదానంగా చదివింది. తర్వాత టాప్ మోడల్ పక్కన కూర్చుని, చక్రం సందులోంచి తాళంచెవి దూర్చి, ఎర్ర బ్రేకు మీద టక్‌మని కొట్టింది. డొల్లగా మోగింది.

అప్పుడు అందరినీ కారు చుట్టూ రమ్మంది.

"దీన్ని ఎవరైనా ఒకసారి కొండ దింపి తీసుకొస్తే నా పని అయిపోతుంది. ఎవరు నడుపుతారు?"

"నేనున్నాగా!" అంటూ అల్లుడు తాళం అందుకున్నాడు.

"నువ్వొద్దు!" పెద్దాయన కేకకు షెడ్డంతా ఉలిక్కిపడింది. "అదే... టైర్లలో గాలి చూడలేదు."

డిటెక్టివ్ ఆయన వైపు తిరిగింది. "మీ అల్లుడికి పనికిరాని బండి ఈ పిల్లకెలా పనికొస్తుంది పెద్దాయనా?"

ఆయన అల్లుడి చేతిలోంచి తాళం లాక్కున్నాడు.

"కంపెనీ పుస్తకంలో టాప్ మోడల్ స్టెప్నీ రెండంగుళాలు పెద్దదని ఉంది. ఎందుకలా బాబాయ్?"

"పెద్ద బ్రేకు మీద చిన్న చక్రం ఎక్కదు కదమ్మా."

"ఈ రెండు కార్లలోనూ చిన్న స్టెప్నీలే ఉన్నాయి. బండి రూపం మార్చేవాళ్ళు నాలుగు చక్రాలు మారుస్తారు. డిక్కీలో పడుకున్న అయిదో దాని జోలికి పోరు. ఇది కూడా బేస్ మోడలే. సీట్లు, పేరుపలక మార్చారు. బ్రేకుల మీద రేకు తొడుగులేసి ఎర్రరంగు కొట్టారు. ఇంజన్ బలం మాత్రం నిజంగానే పెంచారు. పందెం వేగంలో పోతే మొదటి మలుపు దగ్గర ఈ బ్రేకులు దీన్ని ఆపలేవు."

నర్సు తన కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈసారి కూతురు విదిలించుకోలేదు.

"తొడుగులకు రంగేసింది నేనేనండి." పెయింటరు ఉప్పుకాగితం కింద పెట్టి ముందుకొచ్చింది. "ప్రదర్శనలో పెట్టే బండికన్నారు. అమ్ముతున్నారని తర్వాత తెలిసింది. ఆ చీటీ రాసింది నేనే."

పెద్దాయన బల్ల మీద కూలబడ్డాడు. "నాకు అమ్మినవాడు టాప్ మోడలనే అమ్మాడు. మోసపోయానని తెలిసేసరికి ఇంజన్ పని అయిపోయింది. అప్పుడు ఈ తొడుగులు వేయించాను. బండి చూడగానే దాని జాతకం చెప్తాడని పేరున్నవాణ్ణి. నన్నే బోల్తా కొట్టించారని ఏ మొహంతో చెప్పను?"

"అందుకని నన్ను తిప్పమన్నారా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"ఊళ్ళో మెల్లగా తిప్పుతావనుకున్నాను. కొండ వైపు పోవనుకున్నాను."

అల్లుడు కారు వెనక సీట్లోకి వంగి పసుపుపచ్చ గొడుగొకటి బయటికి తీశాడు. మూరెడు కూడా లేదు. పెద్దాయన దాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

"మీ మనవరాలిదే. దాని బడి కొండ కిందే కదా మామయ్యా. వారం నుంచి రోజూ ఇందులోనే దింపుతున్నాను. నడిపి చూడమన్నారు కదా అని."

బడి వదిలే వేళైందంటూ అల్లుడు గొడుగు పట్టుకుని నడిచే బయల్దేరాడు.

నర్సు కూతురు గోడకున్న బేస్ మోడల్ తాళం తీసుకుని పెద్దాయన ముందుకొచ్చింది.

"దీన్ని మొన్న కొండ దింపానన్నారు. నిజమేనా?"

"నిజమేనమ్మా."

"అయితే నా పక్కన కూర్చోండి. ఇప్పుడు ఇంకోసారి దిగుదాం. మా అమ్మ చూస్తుంటుంది."

ఆయన వెళ్ళి తలుపు తీసుకుని కూర్చున్నాడు.